ఇంట్లో పిచ్చుక గూడు: ఉండనివ్వాలా, తీసేయాలా?

వంటింటి కిటికీ:
మా వంటింటి వెంటిలేటర్‌లో పిచ్చుకల జంట చేరింది. స్టవ్ పక్కన రోజూ గడ్డిపరకలు, పీచు, దూది. నిన్నయితే బిస్కెట్ కాగితం ముక్క కూడా తెచ్చి పడేశాయి. ఊడ్చేసి అటు తిరిగేలోపే మళ్లీ మొదలు. అత్తగారు పోనీలే ఉండనివ్వమంటారు. మా ఆయన జాలీ కొట్టించేద్దాం అంటారు. మధ్యలో నాకు టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

సూటిమాట:
జాలీ కొట్టించండి. ఇందులో ఆలోచించడానికేముంది? పొయ్యి మీద రెట్టలు పడితే ముద్దొస్తాయా? గూట్లో నెత్తురు పీల్చే సన్నటి పురుగులు చేరతాయి. పిల్లలు ఎగిరిపోయాక అవి కిందికి దిగి మనుషుల్ని కుడతాయి. అప్పుడు దురద ఎందుకొస్తోందో తెలియక మందుల షాపు చుట్టూ తిరగాలి.

తూనీగ:
సూటిమాట గారూ, ఆ పురుగుల మాట నిజమే, కానీ ఒక్కటి వదిలేశారు. గుడ్లు పెట్టాయా లేదా అన్నది ముందు తేలాలి. ఇంకా పీచే మోస్తున్నాయంటే ఈరోజే మూసేయండి, వేరే చోటు వెతుక్కుంటాయి. మగ పిచ్చుక (గొంతు కింద నల్లగా ఉండేది) ఒకేసారి రెండు మూడు చోట్ల బేరం పెట్టుకునే రకం. గుడ్లు ఉంటే మాత్రం చేయి పెట్టకండి. పొదగడానికి 10 నుంచి 14 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు, మొత్తం నెల లోపు వ్యవహారం. ఈలోగా కింద పాత పేపరు పరచండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే ఆపండి, పగలు ఆ గదిలో సీలింగ్ ఫ్యాన్ వేయకండి. ఇళ్లలో పిచ్చుకలు ఎక్కువగా చచ్చేది ఫ్యాన్ రెక్కలకే అని నా అనుమానం. పిల్లలు ఎగిరిన మర్నాడే గూడు తీసి, కడిగి, జాలీ బిగించండి. వాయిదా వేస్తే అదే గూట్లో మళ్లీ గుడ్లు పెడతాయి. ఒక సీజన్‌లో రెండు మూడు ఈతలు వాటికి మామూలే.

ఇంకోటి, రెక్కలొచ్చిన పిల్ల నేల మీద కనపడితే పెట్టెలో పెట్టి పాలూ అన్నం పట్టకండి. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి దానికి తిండి పెడుతుంటాయి. పిల్లినీ మన పిల్లల్నీ దూరంగా ఉంచితే చాలు. మనిషి తాకితే తల్లి వదిలేస్తుందన్నది ఉత్తమాట.

చెక్కపెట్టె:
వెంటిలేటర్ మూస్తే, అవి గూడు పెట్టుకోవడానికి బయట గోడకి చెక్కపెట్టె తగిలించండి. రంధ్రం 32 మిల్లీమీటర్లు, ఎండ నేరుగా తగలకూడదు, పిల్లి ఎగబాకలేని ఎత్తు. పిచ్చుకలు గుంపుగా బతుకుతాయి కాబట్టి రెండు మూడు పక్కపక్కనే పెడితే మంచిది. అసలే సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు అంతరించిపోతున్నాయి, మనమూ తరిమేస్తే ఎలా?

సూటిమాట:
మళ్లీ సెల్ టవరా! అది రుజువైన మాట కాదండీ. అంతరించిపోవడం కూడా కాదు. 2020లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తమ్మీద పిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలకడగానే ఉంది, తగ్గింది పెద్ద నగరాల్లో. ఉత్తర అమెరికాలో వీటిని 1850లలో మనుషులే తెచ్చి వదిలారు. ఇప్పుడవి అక్కడి నీలిపిట్టల (బ్లూబర్డ్స్) గూళ్లలో దూరి పిల్లల్ని పొడిచి చంపుతున్నాయి. ప్రతి పిచ్చుకా పాపం కాదు.

తూనీగ:
అక్కడ అది బయటినుంచి వచ్చిన పిట్ట, మన దగ్గర సొంత పిట్ట. ఆ లెక్క ఇక్కడికి తేకండి. పైగా పెద్ద నగరాల్లో తగ్గిందని మీరే అంటున్నారు, అక్కడుండేవాళ్లకి అది చిన్న విషయమా?

చెక్కపెట్టె గారికీ ఒక మాట. పెట్టె తగిలించి, గుప్పెడు గింజలు చల్లి, ఫోటో పెట్టేస్తే పని అయిపోదు. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది. కళ్లు తెరవని పిల్లకి కావలసింది గొంగళిపురుగులు, పేనుబంకలాంటి మెత్తటి పురుగులు. ప్రతి మొక్కకీ పురుగుమందు కొట్టి, ఉన్న మట్టి మీదల్లా టైల్స్ పరిస్తే అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? లండన్‌లో పరిశోధకులు గూళ్ల దగ్గర పురుగులు పెట్టి చూశారు. పిల్లలు ఎక్కువగా బతికాయి కానీ పెద్ద పిచ్చుకల సంఖ్య మాత్రం అంతగా పెరగలేదు. ఏ ఒక్కటో చేస్తే సరిపోదన్నమాట.

వంటింటి కిటికీ:
స్టూలు ఎక్కి ఫోన్ లోపలికి పెట్టి ఫోటో తీశాను. గుడ్లు లేవు, దూదీ పీచూ మాత్రమే. ఈ సాయంత్రం జాలీ వేయిస్తున్నాం. అత్తగారికి కోపం రాకుండా వెనక గోడకి రెండు పెట్టెలు. అటువైపు మధ్యాహ్నం ఎండ పడదు.

సూటిమాట:
పెట్టెలు కూడానా! సరే, మీ ఇష్టం. వంటింట్లో లేకపోతే నాకు అభ్యంతరం లేదు.

తూనీగ:
సాయంత్రం వద్దండీ, చీకటి పడే వేళకి అవి లోపల దూరి పడుకుంటాయి. పగలు రెండూ బయటికెళ్లడం కళ్లారా చూసి అప్పుడు బిగించమనండి.