కంచు గడియారం ఎవరిది: బొమ్మ గీసినవారిదా, డయల్ మీద పేరున్నవారిదా?

గంటలమేస్త్రి:
పద్దెనిమిదో శతాబ్దపు పారిస్ కంచు గడియారాలకు నమూనా బొమ్మ గీసినవారినే కర్తగా చెప్పాలని రేఖాచిత్రి గారు నిన్న రాశారు. నేను ఒప్పుకోను. నడిచేది యంత్రం, డయల్ మీద ఉన్నది గడియారపు పనివారి పేరు.

రేఖాచిత్రి:
ఆ పేరు లోపలి యంత్రానికి మాత్రమే సాక్ష్యం. ఆ ఊళ్లో వృత్తి సంఘాల కట్టుబాట్లు 1791లో రద్దయ్యేదాకా యంత్రం చేసేవారు వేరు, కంచు పనివారు వేరు. అందువల్ల విరిగిన స్తంభం, కలశం, పూలదండ, శోకించే స్త్రీమూర్తి ఏది ఎక్కడ నిలవాలో అందరికీ ఒకేలా చెప్పగలిగింది కాగితం మీది బొమ్మ ఒక్కటే. జాన్ సిమోన్ దెవెర్బెరీ 1799లో ‘ఆఫ్రికా’, ‘అమెరికా’ అనే తన గడియారాల బొమ్మలను పారిస్ జాతీయ గ్రంథాలయంలో దాఖలు చేసుకున్నది రూపాన్ని కాపాడుకోవడానికే గాని యంత్రాన్ని కాదు.

పాతసరుకు:
దెవెర్బెరీ కంచు పనివారు కదండీ?

గంటలమేస్త్రి:
అదే నేనూ అంటున్నాను. బంగారు పూత పనివారు బంగారాన్ని పాదరసంలో కలిపి కంచుకు పూసి, కాల్చి, పాదరసాన్ని ఆవిరి చేసేవారు. ఆ పొగ పీల్చి ఒళ్లు పాడుచేసుకున్న వారి పేరు డయల్ మీదా లేదు, బొమ్మ కిందా లేదు. మా నాన్నగారు ముప్పై ఏళ్లు గడియారాలు బాగుచేశారు. కాగితం వల్ల ఒక్క ముల్లు కూడా కదలదని ఆయన అనేవారు.

రేఖాచిత్రి:
కాగితాన్ని తీసిపారేసే ఈ మాట నాకు కొత్త కాదు. ఒక నగల దుకాణానికి పన్నెండేళ్లు డిజైన్లు గీశాను. వాటి కింద నా పేరు వేయమని అడిగినప్పుడు, గీతలు ఎవరైనా గీస్తారని యజమాని నవ్వారు. మీ వాక్యంలో నాకు ఆ నవ్వే వినిపించింది.

కళాపథికుడు:
ఇద్దరూ కాస్త ఆగండి. ఇంగ్లండు రాజు మూడవ జార్జి కోసం 1771 ప్రాంతంలో చేసిన గడియారానికి రూపకల్పనకు విలియం చేంబర్స్, కంచు పనికి మాథ్యూ బౌల్టన్, యంత్రానికి టామస్ రైట్ అని మూడు పేర్లూ చెప్పుకుంటున్నాం కదా.

గంటలమేస్త్రి:
చేంబర్స్ పేరు నిలిచింది ఆయన రాజుగారి వాస్తుశిల్పి కనుక. ఊరూపేరూ లేని చిత్రకారుడైతే ఎవరు తలుచుకుంటారు? బొమ్మ మీద నాకు కోపం లేదు, ఒక్క పేరే నిలపాలన్న పట్టుదల మీదనే నా అభ్యంతరం.

రేఖాచిత్రి:
మీ మొదటి పోస్టు మళ్లీ చదవండి. అందులో మీరు నిలిపినదీ ఒక్క పేరే.