భరణం లెక్కలో భర్త చూపించే కోతలన్నిటినీ కోర్టు ఒప్పుకుంటుందా?

ప్రశ్న

మా చెల్లెలి తరఫున అడుగుతున్నాను. పెళ్లయి తొమ్మిదేళ్లయింది, రెండేళ్లుగా భార్యాభర్తలు వేరుగా ఉంటున్నారు, ఏడేళ్ల బాబు మా చెల్లెలి దగ్గరే ఉన్నాడు. విడాకుల పిటిషన్ ఆమె భర్త వేశారు. మధ్యంతర భరణం కోసం మేము హిందూ వివాహ చట్టం కింద పెట్టిన దరఖాస్తు త్వరలో ఫ్యామిలీ కోర్టులో వాదనకు వస్తుంది. ఆయన జీతం నెలకు 1,10,000 రూపాయలు. అయితే ఇంటి అప్పు, కారు అప్పు, బీమా ప్రీమియం, తనంతట తాను పీఎఫ్‌లో అదనంగా వేసుకుంటున్న సొమ్ము పోగా చేతికి వచ్చేది 41,000 మాత్రమేనని, అంతకు తగ్గట్టే ఇవ్వగలనని కౌంటర్‌లో రాశారు. మా చెల్లెలు ఎం.కాం. చదివింది కనుక తన పోషణ తానే చూసుకోగలదని కూడా అందులో ఉంది. బాబు పుట్టినప్పటి నుంచి ఆమె ఉద్యోగం చేయలేదు. జీతంలో నాలుగో వంతు భరణంగా ఇచ్చి తీరాలన్న నియమం ఉందని బంధువులు చెబుతున్నారు. అది నిజమేనా? బాబు ఖర్చు కూడా అందులోనే కలిసిపోతుందా?

జవాబు 1

నేను కుటుంబ వివాదాల కేసులు చూసే న్యాయవాదిని. నాలుగో వంతు అన్నది నియమం కాదు. 2017లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, భర్త నికర జీతంలో 25 శాతం భార్యకు ఇవ్వడం సమంజసంగా ఉంటుందని, 1970 నాటి పాత తీర్పును ఆధారం చేసుకుని చెప్పింది. అప్పటి నుంచి ఆ అంకె అందరి నోళ్లలోనూ నానుతోంది. కానీ అదే కేసులో భర్త జీతం 95,527 రూపాయలు కాగా, ఆయన మళ్లీ పెళ్లి చేసుకుని మరో కుటుంబాన్ని కూడా పోషిస్తున్నందువల్ల, హైకోర్టు నిర్ణయించిన 23,000ను సుప్రీంకోర్టు 20,000కు తగ్గించింది. అంటే ఆ అంకెను చెప్పిన తీర్పే దాన్ని అచ్చంగా పాటించలేదు. చట్టంలో శాతం ఎక్కడా లేదు; ఇరువైపుల ఆదాయం, ఆస్తులు, అవసరాలు, కలిసి ఉన్నప్పటి జీవన స్థాయి, భర్తపై ఆధారపడిన ఇతరులు, వీటన్నిటినీ తూచి న్యాయమూర్తి తన విచక్షణతో నిర్ణయిస్తారు.

ఇక కోతల సంగతి. ఆదాయపు పన్ను, వృత్తి పన్ను, తప్పనిసరి పీఎఫ్ వంటివి జీతం తీసుకునేవారి చేతిలో లేనివి కనుక వాటిని కోర్టులు సాధారణంగా మినహాయిస్తాయి. అప్పు వాయిదాలు, బీమా ప్రీమియం, ఐచ్ఛిక పీఎఫ్ అలాంటివి కావు. అవి ఆయన తన ఇష్టంతో పెట్టుకున్నవి, పైగా చివరికి ఆయన పేరునే ఆస్తిగానో పొదుపుగానో మిగులుతాయి. ఉదాహరణకు చట్టం ప్రకారం పోయే కోతలు 14,000 అనుకుంటే, లెక్క 96,000 దగ్గర మొదలు కావాలని మీరు వాదించాలి గానీ, 41,000 దగ్గర మొదలుపెట్టి బేరమాడకూడదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరుంటున్నారు, అప్పు ఎప్పుడు తీసుకున్నారు అన్నవి కూడా చూపించండి. విడిపోయిన తర్వాత తీసుకున్న అప్పయితే ఆ వాదన ఇంకా పలచబడుతుంది.

చదువు విషయంలో, సంపాదించగల శక్తి ఉండటం వేరు, నిజంగా సంపాదిస్తూ ఉండటం వేరు అని సుప్రీంకోర్టు 2017లోనే మరో కేసులో స్పష్టం చేసింది. ఎం.కాం. పట్టా ఉన్నంత మాత్రాన భరణం నిరాకరించడం కుదరదు. అయితే ఏడేళ్లుగా ఎందుకు ఉద్యోగం చేయలేదో, మళ్లీ చేరడానికి ఉన్న ఇబ్బందులేమిటో కోర్టుకు వివరంగా చెప్పుకోవాలి. ఆ వివరణ లేని చోట మొత్తం తగ్గడం నేను చూశాను.

నా అనుభవంలో మొత్తం నిర్ణయమయ్యేది వాదనలో కాదు, అఫిడవిట్‌లో. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చుల వివరాలను నిర్ణీత నమూనాలో ప్రమాణపూర్వకంగా దాఖలు చేయాలి. ఆయన అఫిడవిట్‌ను పే స్లిప్పులతో, బ్యాంకు స్టేట్‌మెంట్లతో, ఐటీ రిటర్నులతో ఒక్కొక్క పంక్తినీ సరిచూడండి. మీ చెల్లెలి అఫిడవిట్‌లోనూ ఏదీ దాచవద్దు. చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను రాయడం మరిచిపోయినా ఎదుటి న్యాయవాది దాన్నే పట్టుకుని కూర్చుంటారు.

జవాబు 2

నేను భరణం చెల్లించే పక్షంలో ఉన్నవాణ్ణి. పైన చెప్పింది నిజమే; నా కారు అప్పును కోర్టు అసలు పరిగణించలేదు, కానీ మా అమ్మగారి మందుల ఖర్చును బిల్లులు చూసి లెక్కలోకి తీసుకుంది. నేను ముందుగా ఊహించనిది ఇంకొకటి ఉంది. ఉత్తర్వు వచ్చేసరికి పద్నాలుగు నెలలు పట్టింది, భరణం మాత్రం దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్కగట్టారు. ఆ బకాయి అంతా ఒక్కసారిగా మీద పడింది. కోర్టు వాయిదాలు దాటించుకుంటూ పోతే లాభమని ఎవరో చెప్పిన మాట విన్నందుకు ఫలితమది. ఆమె భర్తకు ఈ సంగతి తెలిస్తే, బహుశా రాజీకి త్వరగా ముందుకు రావచ్చు.

జవాబు 3

బాబు ఖర్చు గురించి మాత్రం చెబుతాను. నా పిటిషన్‌లో పాప కోసం స్కూలు ఫీజు ఒక్కటే రాశాము. అద్దెలో పాప వాటా, వైద్యం, బస్సు, పుస్తకాలు, సెలవుల్లో నేర్పించే శిక్షణ, ఇవేవీ రాయలేదు, అడగనిది రాలేదు. బాబు భరణాన్ని విడి మొత్తంగా, పట్టిక వేసి అడగండి. హిందూ వివాహ చట్టంలో పిల్లల పోషణకూ చదువుకూ 26వ సెక్షన్ ప్రత్యేకంగా ఉంది. ఆ మొత్తం విడిగా ఉంటే, రేపు తల్లికి ఉద్యోగం వచ్చినా, ఆమె భరణం తగ్గినా, బిడ్డది అలాగే నిలుస్తుంది. తల్లి కూడా సంపాదిస్తున్నప్పుడు ఖర్చును ఇద్దరి ఆదాయాలకు అనుగుణంగా పంచవచ్చు.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద కూడా వేరే కేసు వేయమని ఒకరు సలహా ఇచ్చారు. రెండు చోట్లా భరణం వస్తుందా? రాజీ కుదిరితే, ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుని బాబు భరణం వదులుకున్నట్టు రాయమని అటువైపు వారు అడుగుతున్నారు.

జవాబు 1 రాసిన న్యాయవాది

వేయవచ్చు. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లోని 125వ సెక్షనే 2024 జూలై 1 నుంచి ఈ సంహితలో 144గా మారింది. కానీ ఒక చోట వచ్చినదాన్ని రెండో చోట తప్పక వెల్లడించాలి, రెండో కోర్టు దాన్ని సర్దుబాటు చేస్తుంది, కనుక మొత్తం రెట్టింపు కాదు. అయినా ఆ సెక్షన్‌కు ఒక బలముంది: ఉత్తర్వును అకారణంగా ఉల్లంఘిస్తే, బకాయిపడిన ఒక్కో నెలకూ ఒక నెల వరకు జైలు విధించవచ్చు, జైలుకు వెళ్లినంత మాత్రాన బకాయి రద్దు కాదు. అయితే బకాయి వసూలుకు వారెంటు కావాలంటే, అది చెల్లించవలసిన రోజు నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి.

రాజీ పత్రంలో ఆ షరతుకు ఒప్పుకోవద్దు. తన భరణాన్ని ఎంతకు తేల్చుకోవాలన్నది మీ చెల్లెలి ఇష్టం, బాబుది వదులుకునే హక్కు ఆమెకు లేదు. బాబు పేరున విడిగా డిపాజిట్ వేయించి, దాని వివరాలను రాజీ పత్రంలోనే రాయించండి. చదువు ఖర్చు ఏటా పెరుగుతుంది కనుక, ఎప్పుడు ఎంత పెంచాలో కూడా అక్కడే ఉండాలి. లేకపోతే ప్రతి పెంపుకూ మళ్లీ కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది.