స్నేర్ లైన్‌కి తిట్లా, బుజ్జగింపా? డ్రమ్ కోర్ అనుభవం ఉన్న టెక్‌లు చెప్పండి

కెవ్లార్_చేతులు (ప్రశ్న)

టెక్సస్‌లో హైస్కూల్ డ్రమ్‌లైన్ (కవాతు చేస్తూ వాయించే డ్రమ్మర్ల వరస), స్నేర్ డ్రమ్ వాయించేవాళ్లు ఏడుగురు. 168 టెంపోలో (నిమిషానికి 168 బీట్లు) ఎనిమిది బార్ల ఫ్రేజ్, నిండా డిడిల్స్ (ఒకే చేత్తో వెంటవెంటనే రెండు దెబ్బలు). నాలుగో బార్ నుంచి ఆరో బార్ దాకా డర్టీ, అంటే అందరి దెబ్బలూ ఒక్కటిగా పడట్లేదు. టెక్‌లు (వాయించడం నేర్పేవాళ్లు) ఇద్దరు, ఇద్దరూ డీసీఐ (డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్) పోటీలకి వెళ్లే డ్రమ్ కోర్‌లలో, అంటే బ్రాస్, డ్రమ్‌ల కవాతు బృందాల్లో, మార్చ్ చేసి వచ్చినవాళ్లే. ఒకాయనకి ఒక్క టిక్ (తప్పు పడ్డ దెబ్బ) వినపడితే చాలు, కేకలు, లైన్ మొత్తానికి పుషప్‌లు. రెండో ఆయన ఎలా వాయించినా "గుడ్, ఇంకోసారి" అంటారు, అంతే. మొదటాయన ముందు పిల్లలు బిగుసుకుపోతున్నారు, రెండో ఆయన ముందు సాగదీస్తున్నారు. ఫ్రేజ్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. కాంటెస్ట్‌కి రెండు వారాలు. "దండం దశగుణం భవేత్" అనుకోవాలా, బుజ్జగించాలా?

పాత_సెంటర్

ఇద్దరూ చేస్తున్న తప్పు ఒకటేనండి. ఎవరి ఏ చెయ్యి, ఏ బీట్ మీద, ఏం చేస్తోందో ఇద్దరూ చెప్పట్లేదు. "ఇంత డర్టీనా!" అన్నా, "గుడ్" అన్నా పిల్లవాడి చేతికి అందే సమాచారం సున్నా.

కేకల వల్ల చేతికి జరిగేది కూడా చూడాలి. భయపడ్డ చెయ్యి ముందుగా కర్రని పిసుకుతుంది. డ్రమ్ మీది కెవ్లార్ హెడ్‌ని (దెబ్బ పడే పైపొరని) బల్లలా బిగిస్తాం. అది సాగదు కాబట్టి తిరిగొచ్చే దెబ్బని వేళ్లే తీసుకోవాలి. పట్టు బిగిస్తే కర్ర ఎగరదు, డిడిల్‌లో రెండో దెబ్బ నలుగుతుంది. 168లో పదహారో నోట్లని డిడిల్ చేస్తే రెండు దెబ్బల మధ్య ఉండేది సుమారు 45 మిల్లీసెకన్లు. అంత ఇరుకులో చెయ్యి వదులుగా లేకపోతే ఏడుగురివీ ఏడు రకాల డిడిల్స్ వస్తాయి. అంటే మీ మొదటాయన ఏ టిక్ కోసం అరుస్తున్నారో ఆ టిక్‌ని ఆయనే తయారు చేస్తున్నారు.

ఇంకోటి, పుషప్‌లకి భయపడ్డవాడు గాల్లో కొట్టడం మొదలెడతాడు. కర్ర కదులుతుంది, హెడ్‌కి తగలదు. ఏడుగురిలో ఇద్దరు అలా దాక్కుంటే ఫ్రేజ్ బాగుపడ్డట్టే వినిపిస్తుంది. స్టేడియంలో బయటపడుతుంది.

మెట్_వెనక

ఈ అరుపుల వెనక చరిత్ర ఉంది. అమెరికాలో డ్రమ్ కోర్‌లని మొదట నడిపినవి ఎక్కువగా అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంఘాలు, అందుకే ఆ మిలిటరీ ధోరణి. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో తొలి డీసీఐ ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు కూడా జడ్జీలు ఫీల్డ్‌లో లైన్ పక్కనే నడుస్తూ టిక్‌లు లెక్కపెట్టేవాళ్లు. ఒక్కో టిక్‌కి పాయింట్‌లో పదో వంతు కోత. అలా పెరిగిన తరానికి టిక్ అంటే నేరం. 1984 సీజన్‌కి ఆ పద్ధతి పోయింది, తిట్టే అలవాటు మాత్రం పోలేదు.

సరే, మీ ఫ్రేజ్ సంగతి. నాలుగు నుంచి ఆరో బార్ వరకే తీసుకోండి, మొత్తం ఎనిమిది బార్లూ తిప్పకండి.

ముందు ప్రాక్టీస్ ప్యాడ్‌ల మీద, 100 టెంపోలో, డిడిల్స్ తీసేసి చెక్ ప్యాటర్న్ మాత్రమే. అంటే చేతుల వరస అదే, ప్రతి నోటుకీ ఒక్కటే దెబ్బ. అదే సమంగా లేకపోతే డిడిల్స్ జోలికి వెళ్లకూడదు. ఆ తర్వాత యాక్సెంట్లు (గట్టి దెబ్బలు) 9 అంగుళాలు, ట్యాప్‌లు (మెత్తని దెబ్బలు) 3 అంగుళాలు అని కర్ర ఎత్తులు కట్టండి. నూటికి తొంభై సార్లు డర్ట్ దొరికేది ఇక్కడే. యాక్సెంట్ కొట్టాక కర్ర 3కి దిగకుండా 5, 6 దగ్గర ఆగిపోతుంది, తర్వాతి ట్యాప్ లేటవుతుంది, గట్టిగా కూడా పడుతుంది. ఫోన్‌ని హెడ్ ఎత్తులో ఎదురుగా పెట్టి స్లో మోషన్‌లో తీయండి. ఎవరి కర్ర ఎక్కడ ఆగుతోందో వాళ్లే చూసుకుంటారు, మీరు నోరెత్తక్కర్లేదు.

అప్పుడు డిడిల్స్ కలిపి 100, 112, 126, 140, 152, 160, 168. వరసగా మూడుసార్లు బాగా వస్తేనే పైమెట్టు. చెడితే రెండు మెట్లు కిందికి. మన సంగీతం క్లాసుల్లో సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడించే లెక్కే, కాకపోతే ఇక్కడ మెట్లు దగ్గర దగ్గరగా.

చండశాసనుడు

పుషప్‌లని సమర్థించను కానీ, రెండో ఆయన్ని అంత తేలిగ్గా వదిలేయకండి. డర్టీగా ఉన్నదాన్ని "గుడ్" అనడం దయ కాదు, అబద్ధం. వారం తిరిగేసరికి "గుడ్" అన్న మాటకి విలువ పోతుంది, నిజంగా బాగా వచ్చిన రోజు చెప్పడానికి ఆయన దగ్గర మాట ఉండదు. సమ్మర్ కోర్‌లలో సీటు కోసం పిల్లలు వేల డాలర్లు కట్టి, ఎండలో రోజంతా వాయిస్తారు. వాళ్లకి నిజం వినే హక్కుంది.

నేను గట్టిగా ఉండాలనేది ప్రమాణం విషయంలో. లైన్‌లో ఒక్కొక్కరితో రెండేసి బార్లు వాయించండి, మెట్ (మెట్రోనోమ్) ఆపకుండా. తడబడ్డవాడి దగ్గర ఆగకూడదు, చివరిదాకా వెళ్లాలి. తర్వాత మామూలు గొంతుతో: "మూడో నంబర్, అయిదో బార్ మూడో బీట్‌లో ఎడమ చెయ్యి 6కి లేస్తోంది, 3 చాలు. మళ్లీ." ఒక రెప్‌కి (ఒకసారి వాయించినదానికి) ఒక్కటే మాట. మూడు తప్పులు ఒకేసారి చెబితే ఒక్కటీ దిద్దుకోడు. బాగా వస్తే "అదీ, ఇప్పుడు 3లో ఉంది" అనండి, ఉత్త "గుడ్" వద్దు. దీనికి కేక అక్కర్లేదు కానీ పిల్లలకి ఇది తిట్టు కంటే కష్టంగానే ఉంటుంది, దాక్కునే చోటు ఉండదు కాబట్టి.

పిట్_పక్షం

ఒక్క విషయం చేరుస్తాను. సూచన తప్పయితే మెత్తగా చెప్పినా తప్పే. పిట్‌కీ (ఫీల్డ్ ముందు ఒకేచోట ఉండి వాయించేవాళ్లు) వెనక ఉన్న బ్యాటరీకీ (నడుస్తూ వాయించే డ్రమ్‌లు) మధ్య 30 గజాలుంటే చప్పుడు ముందుకు రావడానికి సుమారు 80 మిల్లీసెకన్లు. 168లో ఒక పదహారో నోటు 89. అంటే పిట్ పిల్లలు డ్రమ్ మేజర్ (ముందు నిలబడి తాళం చూపే లీడర్) చేతుల్ని చూసి వాయిస్తే, స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లకి బ్యాటరీ దాదాపు ఒక నోటు వెనకబడి వినిపిస్తుంది. పిట్ చూడకూడదు, వెనక నుంచి వచ్చేది వినాలి. ఇది తెలియని టెక్ స్నేర్‌లని "లేట్!" అని తిడితే వాళ్లు పరిగెడతారు, అక్కడితో మొత్తం చెడుతుంది.

పుషప్‌ల గురించి: డ్రమ్‌ని భుజాలకి తగిలించే క్యారియర్‌తో కలిపి పది కిలోల పైన బరువు మోస్తున్న భుజాలవి. అలిసిన ముంజేతులతో తర్వాతి రెప్ ఇంకా డర్టీగా వస్తుంది. టెక్సస్ ఎండలో అయితే ఇంకో ప్రమాదం. తిట్లకి భయపడే పిల్లవాడు కళ్లు తిరుగుతున్నా, మణికట్టు నొప్పెడుతున్నా చెప్పడు. మాట తడబడినా, అయోమయంగా చూసినా వెంటనే డ్రమ్ తీయించి నీడలోకి తీసుకెళ్లి చల్లబరచాలి, 911కి ఫోన్ చేయాలి. "ఎవరైనా, ఎప్పుడైనా, అడగకుండా పక్కకి వెళ్లొచ్చు" అని రిహార్సల్‌కి ముందే చెప్పి ఉంచండి.

కెవ్లార్_చేతులు

ధన్యవాదాలండీ. ఒక సందేహం: ఆర్క్‌లో (అర్ధవృత్తంలో) నిలబడి వాయిస్తే ఇప్పటికే కాస్త మెరుగ్గా ఉంటుంది, డ్రిల్‌లో (ఫీల్డ్ మీద కవాతులో) కదిలేసరికి మళ్లీ పోతుంది. దీనికి కూడా ఎత్తులేనా?

మెట్_వెనక

కాదు, అది కాళ్ల సంగతి. కర్రలు పక్కన పెట్టి ఆ మూడు బార్లూ నోటితో పలుకుతూ మార్క్ టైమ్ (ఉన్నచోటే అడుగులు వేయడం) చేయించండి. అడుగు బీట్ మీద పడకపోతే చేతుల్ని ఎంత సాన పెట్టినా ఉపయోగం లేదు. తర్వాత అలాగే పలుకుతూ డ్రిల్ నడిపించండి, ఆఖర్న డ్రమ్‌లు. మెట్ స్పీకర్ ఎక్కడుంది? సైడ్‌లైన్‌లో ఉంటే స్పీకర్‌ని డ్రమ్‌లైన్ వెనక్కి జరపండి.