ఊహా దేశాలకు ఖనిజాలు అమ్మే ఆట: నా అంగట్లో సరుకు ఎవురూ కొంటల్యా, రేట్లు ఎట్ల పెట్టాల?

గండికోట_గణతంత్రం:
అన్నలూ, ప్రొద్దుటూరు, కడప పిల్లోళ్లం కొంతమందిమి కలిసి ఆన్‌లైన్లో దేశాల ఆట ఆడతాండాం, ఒక్కొక్కరికి ఒక ఊహా దేశం, మ్యాపు, బడ్జెట్టు, సైన్యం అన్నీ ఉంటాయి. నాది కొండల దేశం, సముద్రం లేదు, పంటల్లేవు, అందుకని ఖనిజాల అంగడి తెరిచినా. టంగ్‌స్టన్, గాలియం, జెర్మేనియం, యురేనియం, ముగ్గురాయి (బెరైటీస్) అన్నీ ఒకే రేటు షీట్లో పెట్టి 'ఏ దేశానికైనా సప్లై' అని రాసినా. ఇంతవరకు ఒకడు నెలకు 500 టన్నుల గాలియం అడిగినాడు, ఇంకొకడు యురేనియం కావాలంటాడు గానీ ఎందుకో చెప్పడంల్యా. ఆట నడిపే అన్నేమో అంతా నిజం ప్రపంచం మాదిరే ఉండాలంటాడు. ఏం చేయమంటారు?

ముగ్గురాయి_మామ:
అబ్బయ్యా, కోడూరు పక్క పల్వరైజింగ్ మిల్లులో శానా కాలం పనిచేసినోన్ని, నాకు తెలిసింది ముగ్గురాయే కాబట్టి దాని గురించే చెప్తా. మన మంగంపేటది ప్రపంచంలో పెద్ద నిక్షేపాల్లో ఒకటి, దాన్ని నువ్వు లిస్టులో చివర్న పడేసినావే! ఆయిల్ బావి తవ్వేటప్పుడు లోపల గ్యాసు ఎగదన్నకుండా బరువైన బురద పోస్తారు, ఆ బురదకు బరువు ఇచ్చేది ఈ పొడే. మామూలు రాయి సాంద్రత 2.7 దగ్గర ఉంటే ఇది 4.2, లారీలో సగం కూడా నిండినట్టు కనపడదు, కాటా ఎక్కిస్తే ఓవర్‌లోడు. బేరమంతా ఆ 4.2 దగ్గరే నడుస్తాది, కొంచెం తగ్గితే గ్రేడు మారిపోయి రేటు పడిపోతాది. 'ముగ్గురాయి, టన్ను ఇంత' అని రాస్తే ఎవుడు కొంటాడు? సాంద్రత ఎంత, ముక్కనా పొడినా, తేమ ఎంత, గని కాడ రేటా ఓడరేవు కాడ రేటా, అది రాయి ముందు. సముద్రం లేదంటివి కదా, సగం ఖర్చు రవాణాకే పోతాదేమో అది కూడా చూసుకో.

అనంత_కెమిస్ట్రీ:
గాలియం 500 టన్నులు నెలకా, వాడెవడప్పా 😂 మొత్తం ప్రపంచంలో ఏడాదికి తీసేదే కొన్ని వందల టన్నులు. గాలియం గని అని యాడా ఉండదు, బాక్సైట్ నుంచి అల్యూమినా (అల్యూమినియం చేసే తెల్లపొడి) తీసేటప్పుడు ఆ ద్రావణంలో కొంచెం కొంచెం దొరుకుతాది. జెర్మేనియం కూడా అంతే, ఎక్కువగా జింకు శుద్ధి చేసేచోట వస్తాది. అంటే నీ దేశంలో అల్యూమినా ఫ్యాక్టరీ లేకుంటే నీకు గాలియం లేదు, రేటు పెరిగింది కదా అని రేపు ఎక్కువ తవ్వేది కూడా కుదరదు. 2023లో చైనా ఈ రెండిటికీ ఎగుమతి లైసెన్సు పెడితే అందరూ ఉలిక్కిపడింది ఇందుకే. ఇంకోటి, గాలియం 29.8 డిగ్రీలకే కరిగిపోతాది, మన ఎండాకాలంలో నీడన పెట్టినా డబ్బాలో నీళ్ల మాదిరి కదులుతాది. అల్యూమినియానికి తగిలిందంటే దాన్ని పెళుసు చేసేస్తాది, కాబట్టి విమానంలో పంపేటప్పుడు ప్యాకింగు ఖర్చు కూడా షీట్లో రాసుకో.

కర్నూలు_లాయరు:
యురేనియం ఎందుకో చెప్పనోడికి అమ్మాకు, సింపుల్. నిజం ప్రపంచంలో 1974లో మనం పోఖ్రాన్‌లో పేల్చినాకే సరఫరా దేశాలన్నీ గుంపు కట్టి రూల్స్ పెట్టినాయి, 2008లో మనకు మినహాయింపు ఇచ్చిందాక వాళ్ల దగ్గర కొనడం మనకే కష్టమాయ. నీ ఆటలో కూడా తనిఖీకి ఒప్పుకున్నోడికే అని కండిషన్ పెట్టు, అప్పుడు నీ దేశానికి పరువు కూడా. తుమ్మలపల్లెలో మాదిరి సున్నపు రకం రాతిలో నీ యురేనియం ఉంటే యాసిడ్ పోసి తీయలేవు, రాయే యాసిడ్‌నంతా తాగేస్తాది, క్షారంతో తీయాల, ఖర్చు ఆ లెక్కన వేసుకో. నన్నడిగితే పచ్చి ఖనిజం అమ్మడమే ఆపేయి. ఇండోనేషియా 2020లో నికెల్ ఖనిజం ఎగుమతి ఆపితే కంపెనీలే వచ్చి అక్కడ ఫ్యాక్టరీలు కట్టినాయి.

తుంగభద్ర_సుల్తాను:
లాయరన్నా, ఇండోనేషియా దగ్గర అంత నికెల్ ఉండాది కాబట్టి చెల్లింది, కరెంటు కోసం బొగ్గు కూడా వాళ్లదే. ఈ పిల్లోడి దేశంలో కరెంటు యాడిది? ఆపితే కొనేటోడు పక్కదేశం చూసుకుంటాడు. 2010లో చైనా రేర్ ఎర్త్స్ (అరుదైనవని పేరు పడిన లోహాలు) ఎగుమతి బిగించినప్పుడు జపాన్ ఊరికే కూర్చోలా, ఆస్ట్రేలియా కంపెనీకి డబ్బులిచ్చి వేరే దారి చేసుకుంది. అయినా 'రేర్' అనే పేరు చూసి మోసపోతారు గానీ వాటిల్లో ఒకటైన సీరియం భూమి పొరల్లో దాదాపు రాగి అంత ఉంటాది, కష్టమంతా విడదీయడంలోనే. నేను కూడా అదే ఆటలో ఉండా, నాది తీరం ఉన్న దేశం, గండికోట సరుకు బయటికి పోవాలంటే నా రేవు తప్ప దారి లేదు 😎

గండికోట_గణతంత్రం:
సుల్తానన్నా నువ్వేనా అది! సరే, గాలియం లిస్టులోంచి తీసేస్తాండా, యురేనియం లాయరన్న చెప్పిన కండిషన్ మీద. టంగ్‌స్టన్ సంగతి ఇంకా ఎవురూ చెప్పల్యా. నీ దేశంలో ఆయిల్ బావులు తవ్వుతాండావు కదా, 4.2 గ్రేడు ముగ్గురాయి పొడి ఇస్తా, నీ రేవు దాకా రవాణా నాది, రేవు సుంకం మాఫీ చేస్తావా?

తుంగభద్ర_సుల్తాను:
సగం మాఫీ. ముందు శాంపిల్ పంపు, నా ల్యాబులో 4.2 వస్తేనే ఓడ ఎక్కేది.

ముగ్గురాయి_మామ:
శాంపిల్ ఇద్దరి ఎదురుగా తీయించండి నాయనా, ల్యాబు వాడిదొక్కడిదే అయితే 4.1 అని రాస్తాడు.