‘అంచనా’ వేరు, ‘లక్ష్యం’ వేరు

మార్చి వచ్చిందంటే పేపర్లలో ఒక వాక్యం తప్పదు: ‘రవాణా శాఖ లక్ష్యం ఇన్ని కోట్లు, వసూలైంది ఇంత.’ బడ్జెట్ పుస్తకంలో 0041, ‘వాహనాలపై పన్నులు’ పద్దు తీసి చూడండి. అక్కడ గడి పేరు ‘బడ్జెట్ అంచనా’. రాజ్యాంగం 202వ అధికరణం రాష్ట్రాలను అడిగేదీ రాబడి, ఖర్చుల అంచనానే.

తేడా మన క్రియల్లోనే ఉంది. అంచనా వేస్తాం, లక్ష్యం పెట్టుకుంటాం. అంచనా తప్పితే లెక్క వేసినవాళ్లను అడగాలి. లక్ష్యం చేరకపోతే పని చేసినవాళ్లను నిలదీస్తారు. ఒక్క మాట మార్చేసరికి భారమంతా రోడ్డు మీద బండ్లు ఆపి కాగితాలు చూసే ఉద్యోగి నెత్తిన పడుతోంది.

ఈ పన్ను విషయంలో అది మరీ అన్యాయం. సొంత కారుకు, బైకుకు జీవితకాల పన్ను కొన్నప్పుడే ఒక్కసారి కట్టేస్తాం. కాబట్టి ఊళ్లో ఎన్ని బండ్లు తిరుగుతున్నాయన్నది కాదు, ఈ ఏడాది కొత్తవి ఎన్ని అమ్ముడవుతాయి, ఎంత ధరవి అన్నదే తేల్చుకోవాలి. లారీల త్రైమాసిక పన్ను అలా కాదు, ఉన్న బండ్లను బట్టి చాలావరకు చెప్పొచ్చు. 2024 నవంబరులో తెలంగాణ విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ధర తగ్గుతుందని తెలిశాక కొనేవాళ్లు ఆ తేదీ దాకా ఆగారు. ఏడాది మొదట్లో లెక్క వేసినవాళ్లకు ఇది ఎలా తెలుస్తుంది? అందుకే బడ్జెట్‌లో ‘సవరించిన అంచనా’ అని ఇంకో గడి పెట్టారు. ‘సవరించిన లక్ష్యం’ అన్న గడి మాత్రం లేదు, గమనించారా?

వ్యాఖ్య: అంచనాకు బదులు ‘మదింపు’ అనకూడదాండీ?

జవాబు: మదింపు ఎదుట ఉన్నదానికండీ. కొన్న బండి ధర చూసి దాని పన్ను ఎంతో తేల్చడం మదింపు. ఇంకా ఎవరూ కొనని బండి మీద వచ్చే పన్నుకు అంచనాయే సరి.

వ్యాఖ్య: మరి ‘ముందస్తు అంచనా’లో ముందస్తు దండగ కదా?

జవాబు: నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. కానీ చెట్టుకు కాయలెన్ని ఉన్నాయో కూడా అంచనానే వేస్తాం, అది రేపటి సంగతి కాదు. కోతకు ముందే దిగుబడి లెక్కగట్టినప్పుడు ‘ముందస్తు’ ఉండాలి. బడ్జెట్‌కు అక్కర్లేదు, ఏ ఏడాదిదో గడి మీదే రాసి ఉంటుంది.