కంటి ఇంజెక్షన్‌కి చుక్కల మత్తు చాలట్లేదా?

సుధ, కూకట్‌పల్లి:
అమ్మకి షుగర్. రెటీనాలో వాపుందని నెలనెలా కంట్లో ఇంజెక్షన్ వేయిస్తున్నాం. సూది పడేటప్పుడు పెద్దగా తెలియదంటుంది గానీ, ఇంటికొచ్చాక కంట్లో కారం కొట్టినట్టు రాత్రంతా మంటే మంట. ఈసారి "చూపు పోతే పోనీ, నేను రాను" అని మొండికేసింది. ఆ మత్తు చుక్కలే మెడికల్ షాపులో కొని రాత్రి వేయొచ్చా?

ఓటీ సిస్టర్, మెహిదీపట్నం:
వద్దమ్మా, అస్సలు వద్దు. మత్తు చుక్కలు ఇంట్లో పదేపదే వేస్తే నల్లగుడ్డు మీది పొర మానదు, పుండు పడుతుంది. నొప్పి తెలియదు కాబట్టి కన్ను నలిపేసుకుంటారు కూడా.

మీరు చెప్పేది వింటే నాకు అనుమానం సూది మీద కాదు, బెటడిన్ మీద. ఇన్ఫెక్షన్ రాకుండా 5 శాతం పోవిడోన్ అయోడిన్, అంటే ఆ బెటడినే, వేస్తాం, అది మానడానికి లేదు. కానీ పనయ్యాక సెలైన్‌తో రెప్పల లోపలి దాకా కడగాలి. రద్దీ రోజున ఆ కడగడమే తూతూమంత్రంగా అయిపోతుంది. మత్తు దిగగానే మంట ఎత్తుకుంటుంది. "సిస్టర్, ఇంకాస్త కడగండి" అని అడగండి, మొహమాటం దేనికి!

ఇక మత్తు. ప్రోపారాకైన్ చుక్క అర నిమిషంలోనే పట్టేస్తుంది, పావుగంటకల్లా దిగడం మొదలు. బయట బెంచీ మీద చుక్క వేసి, పిలుపు ఆలస్యమైతే లోపల మళ్ళీ వేయించుకోవాల్సిందే. అయినా నొప్పి ఆగనివాళ్ళకి లిగ్నోకైన్ అనే మత్తుమందులో తడిపిన దూదిని సూది పడే చోట కాసేపు అదిమి ఉంచుతారు. లేదా తెల్లగుడ్డు పొర కింద కాస్త లిగ్నోకైన్ ఎక్కిస్తారు, మొద్దుబారడం బాగుంటుంది గానీ కన్ను ఎర్రబడొచ్చు. మత్తు జెల్ కూడా ఉంది. మా సార్ మాత్రం బెటడిన్ పడకుండా జెల్ ముట్టనివ్వరు, అది అడ్డుపడి బెటడిన్ పొరకి తగలదని.

బాబాయ్, మలక్‌పేట:
నాకైతే సూది కన్నా ఆ రెప్పలు ఇడదీసే క్లిప్పే నరకం బిడ్డా. బిగబట్టినమా, ఇంకా గుంజుతది. రెండో కన్ను గూడ తెరిచి, చెప్పిన దిక్కే చూడమను అమ్మను.

సుధ:
థాంక్స్ సిస్టర్, థాంక్స్ బాబాయ్. మంట ఎన్నాళ్ళుంటే భయపడాలి?

ఓటీ సిస్టర్:
ఆ రాత్రికి మంట, గరగర మామూలే. తెల్లగుడ్డు మీద నెత్తుటి మరక కనపడినా కంగారొద్దు. మర్నాటికి తగ్గుముఖం పట్టాలి. అలాకాక నొప్పి పెరుగుతున్నా, చూపు మసకేస్తున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఆదివారమైనా సరే, అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.