కాలిన కొండ మీద మళ్లీ మొక్కలు నాటనివ్వాలా, వద్దా?

కొండకిందిల్లు:

మాది విశాఖలో మధురవాడ వైపు. కాలనీ గోడ దాటితే గెడ్డ, అదే వాగు, గెడ్డ దాటితే కొండ. ఐదేళ్ల కిందట మార్చిలో ఆ కొండ కాలిపోయింది. మొన్న ఆదివారం కాలనీ మీటింగుకి ఒక సంస్థ వాళ్లొచ్చి, వానలు పడగానే కొండ మీద మొక్కలు నాటతాం, ఇంటికొక మనిషిని పంపండి అన్నారు. వాళ్లు రావడం ఇది మూడోసారి. నేను వద్దన్నాను. అందరూ నన్ను అదోలా చూశారు. మొక్కలొద్దనే మనుషులు కూడా ఉంటారా అని ఒకాయన నవ్వాడు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ముందు నేను చూసింది చెప్పనివ్వండి.

ఆ రోజు డాబా మీద వడియాలు పెట్టాను. మూడింటికి చూద్దామని వెళ్తే వాటి మీద నల్లగా ఏదో పడి ఉంది. కాకి రెట్టేమో అనుకుని తీయబోయాను. ఆకు. మొత్తం బూడిదే, కానీ ఈనెలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వేలు తగలగానే పొడైపోయింది. తలెత్తితే కొండ మొదట్లో పొగ.

మధ్యాహ్నం సముద్రం గాలి లేచిందంటే మాకు ప్రాణం లేచొస్తుంది. ఆ రోజు ఆ గాలే మంటని పైకి తోసింది. ఎక్కుడు మీద మంట ఎంత జోరుగా పోతుందో అప్పుడే చూశాను. కింది మంట సెగకి పైనున్న గడ్డి ముందే ఎండి సిద్ధంగా ఉంటుందట. ఫైరింజను గెడ్డ దగ్గరే ఆగిపోయింది, అక్కణ్ణుంచి పైపు ఎంత దూరం పోతుంది? కుర్రాళ్లు పచ్చి కొమ్మలు విరిచి కొడుతూ ఒక పక్క ఆపారు. వెదురు పొద కాలుతుంటే కణుపులు పేలిన చప్పుడికి మా కుక్క మంచం కిందనుంచి తెల్లారేదాకా బయటికి రాలేదు.

రెండ్రోజుల తర్వాత పైకి వెళ్లాం. నేలంతా నలుపు, ఆ నలుపులో తెల్లగా ముత్యాలు చల్లినట్టు నత్త గుల్లలు. వందలు. కాలు పెట్టినచోటల్లా పటపటమన్నాయి. ఆ కొండ మీద అన్ని నత్తలున్నాయని కాలేదాకా మాకెవరికీ తెలీదు.

ఇప్పుడు అసలు సంగతి. పది పన్నెండు రోజులు తిరక్కుండానే, ఒక్క చినుకైనా పడకముందే, మాడిపోయిన ఈత దుబ్బుల్లోంచి పచ్చటి మొవ్వు లేచింది. మే నెలకి మోదుగ మోళ్ల చుట్టూ పిలకలు, సీతాఫలం చిగుళ్లు. జులైలో వీళ్లొచ్చి ఆ పిలకల మధ్యే గోతులు తవ్వారు. కొన్ని పిలకలు పలుగు కిందే పోయాయి. ఫొటోలు దిగారు. మొదటి పెద్ద వానకి గోతుల్లోంచి తవ్విపోసిన మట్టి గెడ్డలోకి దిగింది. గెడ్డ నీళ్లు ముందు నల్లగా, తర్వాత టీ రంగులో వచ్చాయి. తర్వాతి వేసవికి నాటిన మొక్కల్లో బతికినవి చూద్దామని వెళ్లి లెక్కపెట్టాను. కనిపించినవి పదకొండు. అవీ గెడ్డ పక్కనే. రెండేళ్లకి మళ్లీ నాటారు, మళ్లీ అంతే.

కొండ తనంతట తాను లేస్తుంటే మనం పలుగు పట్టుకెళ్లడం దేనికి?

మొక్కలోడు:

అక్కా, మీరు చెప్పే బ్యాచ్‌లో నేనూ ఉండి ఉంటాను. మొక్క బతక్కపోతే తప్పు మొక్కలు నాటినవాడిదా, తర్వాత బిందెడు నీళ్లు పొయ్యనివాడిదా? కాలనీ నుంచి ఒక్కరైనా మళ్లీ పైకొచ్చారా? హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2014 అక్టోబరులో, ఊరంతా బోడిగుండైపోయింది. వదిలేస్తే అదే వస్తుందని ఎవరైనా కూర్చున్నారా? నాటారు కాబట్టే ఇవాళ బీచ్ రోడ్డులో నీడ ఉంది.

పైగా వదిలేసిన కొండ ఏమవుతుందో చూపిస్తాను రండి. లాంటానా. మనం చిన్నప్పుడు తలంబ్రాల పువ్వులనేవాళ్లం చూడండి, అదే. మనిషి దూరడానికి సందు ఉండదు. దాన్ని కూడా 'తనంతట తాను లేచింది' అంటారా?

కైలాసగిరివ్యూ:

కొండలు ఊరికే కాలవు. కింద లేఅవుట్ ఎవరిదో చూడండి, సమాధానం దొరుకుతుంది. [పేర్లు తొలగించాం – నిర్వాహకుడు]

బీటుతాత:

నేను అడవి ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషిని. ఇద్దరూ సగం సగం కరెక్టు.

మన తూర్పు కనుమల్లో వచ్చేది చాలావరకు నేల మంట. ఎండుటాకు, గడ్డి, పొద కాలుతుంది, చెట్టు తలకి ఎక్కడం తక్కువ. చూసే కళ్లకి అంతా చచ్చినట్టే ఉంటుంది. గోటితో బెరడు గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే అది బతికే ఉంది. నల్లమద్దికి బెరడు మొసలి వీపులా మందంగా ఉంటుంది, అది దాని గొడుగు. తునికి, మోదుగ పైన కాలిపోయినా వేళ్లలోంచి మళ్లీ పుడతాయి. వాటికి పదేళ్లు, ఇరవయ్యేళ్లు పాతుకున్న వేరుంది. మీరు నర్సరీ కవరులోంచి తీసి నాటిన మొక్కకి జానెడు వేరు. ఎండాకాలం ఏది తట్టుకుంటుంది చెప్పండి. బీచ్ రోడ్డు చెట్టుకి ట్యాంకరు నీళ్లు వస్తాయి బాబూ, కొండకి ట్యాంకరు ఎక్కదు.

మట్టి సంగతి అమ్మాయి బాగా చెప్పింది. మన కొండల రాయి ఖొండలైట్, తొందరగా మెత్తబడి ఎర్రమట్టయిపోతుంది. గడ్డి కాలిన ఏడాదే వాలు మీద గొయ్యి తవ్వితే వానకి దారి తవ్వి ఇచ్చినట్టే.

ఇక రెండో సగం. హుద్‌హుద్‌కి ఊరి పక్క కంబాలకొండ అడవిలోనూ చుట్టుపక్కలా మానులు విరిగి పడ్డాయి. అవి ఎండి, సందుల్లోకి వెలుతురు పడి, అక్కడ లాంటానా లేచింది. లాంటానా ఎండితే కిరసనాయిలు పోసినట్టు మండుతుంది, కాలినా మొదట్లోంచి మళ్లీ లేస్తుంది. ప్రతి ఏడూ కాలే కొండ మీద పిలకలుంటాయి గానీ అవి చెట్లు కావు. మోకాలెత్తు లేస్తాయి, కాలతాయి, మళ్లీ లేస్తాయి. విత్తనం పడి పుట్టిన మొక్కకైతే ఆ అవకాశం కూడా లేదు. కాబట్టి 'వదిలెయ్' అంటే కుదరదు. వదలాల్సింది పలుగుని, కొండని కాదు.

ఉక్కునగరం72:

అసలు అంటించేది ఎవరో అది మాట్లాడరేం? పోడు వాళ్లు. అరకు దారిలో ఏప్రిల్‌లో ఏ కొండ చూసినా పొగే. వాళ్లని ఆపకుండా మీరు పిలకలు లెక్కపెట్టుకుంటూ కూర్చోండి.

గాలికొండ:

అయ్యా, మీ మధురవాడలో పోడు ఎవరు కొడుతున్నారు? నాకు తెలిసి అక్కడ కొండ కింద చెత్త తగలబెట్టేది, రాయి మీద సీసాలు పెట్టుకుని సిగరెట్ విసిరేది మీ ఊరివాళ్లే.

మాది అనంతగిరి పక్క. మా పెదనాన్న పోడు కొట్టేవాడు. మాఘం, ఫాల్గుణంలో నరికి ఎండబెట్టి, వానల ముందు అంటించేవాడు. అంటించే ముందు చుట్టూ బారెడు వెడల్పున ఆకు ఊడ్చేసేవారు, గాలి పడిపోయాక సాయంత్రం పూట పై నుంచి కిందికి అంటించేవారు. పక్కకి పాకితే ఊళ్లో పరువు పోతుంది. అందులో సామలు, చోళ్లు, కందులు. ఇప్పుడు ఆ చోట జీడిమామిడి ఉంది. జీడితోట ఉన్నవాడు నిప్పుకి మీకంటే ఎక్కువ భయపడతాడు.

పోడు అంటే నేరం అని రాసింది ఎవరు? 1882 మద్రాసు అటవీ చట్టం. ఆ కోపం కూడా కలిసే 1922లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం లేచింది, చింతపల్లి స్టేషన్ మీద పడింది. అడవి హక్కుల చట్టం 2006లో వచ్చింది. మీరింకా 1882లోనే ఉన్నారు.

అలాగని మావాళ్లు ముత్యాలని అనను. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఆకుల్లో ఏరుకోవడం కష్టమని చెట్టు కింద ఆకు కాలుస్తారు. అది చూసుకోకుండా వదిలేస్తే కొండెక్కుతుంది. మా అమ్మ కూడా చేసింది. ఇప్పుడు చెట్టు కింద పాత చీరలు, వలలు పరుస్తున్నాం, పువ్వుకి మట్టి కూడా అంటదు. చీపురు కోసేశాక దుబ్బు బాగా లేస్తుందని అంటించేవాళ్లూ ఉన్నారు. ఇవి ఒప్పుకుంటాను. మధురవాడ కొండ మాత్రం మా ఖాతాలో వెయ్యకండి.

ఉక్కునగరం72:

సరే, మధురవాడ మాట వెనక్కి తీసుకుంటున్నా. అరకు పొగ మాట తీసుకోను. వెదుళ్లు రాసుకుని అంటుకుంటాయి అంటారు కదా, అది కూడా కారణం కావచ్చు.

బీటుతాత:

నా సర్వీసులో వెదురు రాసుకుని అంటుకున్న మంట ఒక్కటి చూడలేదు. 'కారణం: వెదుళ్ల రాపిడి' అని రాసిన కాగితాలు మాత్రం చూశాను. మన దేశంలో అడవి మంటలు దాదాపు అన్నీ మనిషి చేతివే.

సాఫ్ట్‌వేరుసూరి:

ఒక చిన్న సమాచారం. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ శాటిలైట్ చూసి మంటల అలర్ట్‌లు పంపుతుంది. ఎవరైనా ఫోన్ నంబరు నమోదు చేసుకోవచ్చు. నేను చేసుకున్నాను. కాకపోతే అందులో మెరుగైన సెన్సారుకి కూడా ఒక్కో చుక్క 375 మీటర్ల గడి. రోజుకి కొన్నిసార్లే పై నుంచి పోతుంది. మబ్బుంటే కనపడదు. మన కాలనీ కొండ లాంటివి సాయంత్రం అంటుకుని అర్ధరాత్రికి ఆరిపోతే దానికి తెలియకపోవచ్చు. వడియాల మీద బూడిద పడటమే ఇప్పటికీ ఫాస్ట్ 😀

కొండకిందిల్లు:

బీటుతాత గారూ, లాంటానా విషయం నిజమే. నేను దాచిపెట్టానని కాదు, నాకు అది కోపం తెప్పించే సంగతి కాబట్టి రాయలేదు. పడమటి వైపు వాలంతా అదే. మూడేళ్ల కిందట ఆ వైపు మళ్లీ కాలింది, ఈసారి మంట మనిషెత్తు లేచింది. తూర్పు వైపు గడ్డి, ఈత, మోదుగ ఉన్నచోట చీలమండ ఎత్తు మంటే. అక్కడ మోదుగలు నాకంటే ఎత్తున్నాయి ఇప్పుడు, మొన్న ఫిబ్రవరిలో పూశాయి కూడా.

అయితే చెయ్యాల్సింది ఏంటి మరి?

బీటుతాత:

రెండే పనులు. ఒకటి, సంక్రాంతి వెళ్లగానే, గడ్డి పూర్తిగా ఎండకముందే, కొండ మొదట్లో కాలనీ పొడవునా ఆకు, గడ్డి ఊడ్చి బాట తీయాలి. మేం ఫైర్ లైన్ అంటాం. ఏటా తీయాలి, ఒక ఏడు మానేస్తే లేనట్టే. ఎవరూ ఫొటో తీయని పని ఇది, అందుకే ఎవరూ చేయరు. రెండు, లాంటానా. పైన నరికితే పదింతలు లేస్తుంది. నేలలోపల రెండు మూడంగుళాల కింద వేరు కోసి, పొద మొత్తం తలకిందులుగా తిరగెయ్యాలి, వేరు మట్టికి తగలకూడదు. తీసినచోట ఖాళీగా వదిలితే మళ్లీ వస్తుంది కాబట్టి రెండు మూడేళ్లు మొలకలు పీకుతూనే ఉండాలి. అడవి శాఖ బీట్ ఆఫీసరుకి చెప్పి వెళ్లండి. చెప్పకుండా కత్తి పట్టుకుని కొండెక్కితే కేసు పెడతారు, నేనైనా పెట్టేవాణ్ణి.

మొక్కలోడు:

నిన్న సాయంత్రం కొండకి వెళ్లొచ్చాను. అక్క పదకొండు అన్నారు, నాకు తొమ్మిదే దొరికాయి. అన్నీ గానుగే. రెండిటికి కాయలున్నాయి. పైన మేం పెట్టిన వేపల్లో ఒక్కటీ లేదు, కవర్లు మాత్రం ఉన్నాయి, ఏరుకొచ్చాను. కొంచెం సిగ్గేసింది, నిజం చెప్పాలంటే.

కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. గెడ్డ గట్టు మీద గానుగ, నేరేడు బతుకుతాయి, తడి ఉంటుంది, గట్టు కోత కూడా ఆగుతుంది. లాంటానా తీసిన చోట కూడా ఏదో ఒకటి పెట్టాలి. తాతగారే అన్నారు ఖాళీగా వదలకూడదని.

కొండకిందిల్లు:

గెడ్డ గట్టు వరకు నాకు అభ్యంతరం లేదు. లాంటానా తీసినచోట మొక్కలు కాదు, తూర్పు వైపు నుంచి మోదుగ కాయలు, రేల కాయలు ఏరి చల్లుదాం. గొయ్యి మాత్రం తవ్వనివ్వను.

మొక్కలోడు:

చల్లితే అడవిపందులు తినేస్తాయి.

కొండకిందిల్లు:

తిననీ. నీ వేపలకంటే వాటి కడుపైనా నిండుతుంది.

గాలికొండ:

రేల కాయ గట్టిది, పగలగొట్టి గింజని ఒక రాత్రి వేడినీళ్లలో నానబెట్టండి. లేకపోతే ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. కావాలంటే మా వైపు నుంచి కాయలు పంపిస్తాను, ఈ వారం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వచ్చే బస్సులో.

కొండకిందిల్లు:

పంపించమ్మా, పుణ్యముంటుంది. మీటింగులో సంస్థవాళ్లకి ఈ మాటే చెప్పాను: పైన గోతులొద్దు, గట్టు వరకే. వాళ్లు బ్యానరు ఎక్కడ కట్టాలి అని అడిగారు. మిగతావాళ్లు ఇంకా ఏ సంగతీ తేల్చలేదు, నలుగురైదుగురు నాతో ఉన్నారు. బీట్ ఆఫీసరు సరేనన్నారు, ఒక మనిషిని కూడా పంపుతామన్నారు. ఆదివారం ఉదయం ఆరున్నరకి గెడ్డ దగ్గర. పడమటి వాలు నుంచి మొదలుపెడదాం.

మొక్కలోడు:

వస్తాను. మా ఇంట్లో గొడ్డలి లేదక్కా, కొబ్బరికాయలు కొట్టే కత్తి ఉంది. చాలదా?

కొండకిందిల్లు:

చాలు. చేతులకి గ్లౌజులు తెచ్చుకో, దానికి ముళ్లుంటాయి.